కదిలే మబ్బును ఆయిల్ రంగుల్లో పట్టడం ఎలా?

ప్రశ్న: ఇంగ్లండ్ ప్రకృతి చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ మేఘాల బొమ్మలు చూశాక నేనూ డాబా మీద కూర్చుని ఆయిల్ రంగులతో మబ్బులు వేస్తున్నాను. సగంలోనే మబ్బు మారిపోతోంది. రంగులు కలిసిపోయి బురదలా తయారవుతున్నాయి. కాగితం నూనె పీల్చేస్తోంది. ఆయన ఎలా వేసేవారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు కాగితం సంగతి. పూత లేని కాగితం మీద ఆయిల్ వేస్తే నూనె లోపలికి దిగి రంగు వెలవెలబోతుంది. కొన్నేళ్లకు కాగితం పెళుసెక్కి విరుగుతుంది. మందమైన 300 జీఎస్ఎం వాటర్‌కలర్ కాగితానికి రెండు పూతలు యాక్రిలిక్ జెస్సో (రంగుల కింద వేసే తెల్లటి అస్తరు) వేయండి. రెండో పూతలో కాస్త బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలపండి. ఆ గోధుమరంగు పూత మీద తెల్ల మబ్బు, నీలాకాశం రెండూ మొదటి కుంచెదెబ్బకే తేలతాయి. కాగితం పది, పన్నెండు అంగుళాలకు మించొద్దు.

ఇక మబ్బు. కానిస్టబుల్ 1821, 1822లలో లండన్ శివారు హాంప్‌స్టెడ్‌లో ఈ అధ్యయనాలు చేశారు. ఒక్క 1822లోనే యాభై దాకా వేశానని ఉత్తరంలో రాసుకున్నారు. చాలావాటి వెనుక తేదీ, వేళ, గాలి దిశ ఉంటాయి. గోడకు తగిలించే బొమ్మలుగా కాదు, పెద్ద చిత్రాలకు కావలసిన సమాచారంగా వేశారు. మీరూ అలాగే అనుకుంటే సగం బెంగ తీరుతుంది.

మొదట కాసేపు చూడండి, వేయొద్దు. నీలం, మబ్బు నీడ, మబ్బు వెలుగు – మూడు కుప్పలు ముందే కలిపి పెట్టుకోండి. నీడకు నలుపు వద్దు, మసిబారుతుంది; అల్ట్రామెరీన్ (ముదురు నీలం)లో కొంచెం బర్న్‌ట్ సియెన్నా, తెలుపు చాలు. టైటానియం తెలుపు చల్లగా కనిపిస్తుంది కాబట్టి ఎండ పడే అంచుకు చిటికెడు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) చేర్చండి. ముందు నీడ ఆకారం, తర్వాత చుట్టూ నీలం, చివర్లో చిక్కటి తెలుపు. వెలుగుకూ నీడకూ వేర్వేరు కుంచెలు వాడండి. వేసిన చోటే మళ్లీ మళ్లీ రుద్దడం వల్లే మీకు బురద వస్తోంది. మబ్బు మారితే దాని వెంట పడొద్దు, కొత్త కాగితం తీయండి. దిగంతం దగ్గరికి వచ్చేకొద్దీ మబ్బులు చిన్నవై, ఒత్తుగా కనిపిస్తాయి. ఇది మరిస్తే ఆకాశం నిలబెట్టిన గోడలా ఉంటుంది.

ప్రశ్న: ఆయనకు బతికుండగా పేరు వచ్చిందా?

జవాబు: వచ్చింది, కానీ ఆలస్యంగా. 1776లో ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతం ఈస్ట్ బెర్గ్‌హోల్ట్‌లో, మిల్లులున్న ఇంట పుట్టారు. పొట్టకూటికి పోర్ట్రెయిట్లు వేశారు. ‘ద హే వెయిన్’ను, దాదాపు 130 × 185 సెంటీమీటర్ల కాన్వాస్, 1821లో లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెడితే అమ్ముడుపోలేదు. ఒక పారిస్ వ్యాపారి కొన్నాక, 1824లో అక్కడి సలోన్ చిత్రప్రదర్శనలో దానికి బంగారు పతకం దక్కింది. ఇలాంటి పెద్ద చిత్రాలకు ముందు అంతే కొలతలో ఒక ఆయిల్ స్కెచ్ వేసుకునేవారు. తప్పొప్పులన్నీ అక్కడే తేల్చుకునేవారు. అకాడమీ పూర్తి సభ్యత్వం 1829లో వచ్చింది, అదీ ఒక్క ఓటు తేడాతో. భార్య మరియా అంతకు దాదాపు మూడు నెలల ముందే క్షయతో కన్నుమూశారు.