కృష్ణ మీద బల్లకట్టు

ప్రశ్న: వంతెన రాకముందు మట్టపల్లి రేవులో లారీలు, ట్రాక్టర్లు బల్లకట్టు ఎక్కి కృష్ణ దాటేవని మా పెద్దలు చెబుతారు. పుట్టి ఉండగా బల్లకట్టు ఎందుకు అవసరమైంది? అంత బరువును అది ఎలా మోసేది?
– ఒక పాఠకుడు, హుజూర్‌నగర్

జవాబు: వెదురుతో అల్లిన పుట్టి మనుషులకు, మూటలకు సరిపోతుంది గాని, గుండ్రంగా ఉండి నీటిలో తిరిగే స్వభావం కలది కావడంతో చక్రాల బండి బరువు ఒక్కచోట పడితే ఒరిగిపోతుంది. బల్లకట్టు కోసం రెండు పడవలను ఎడంగా నిలిపి, వాటిపై దూలాలు వేసి, గట్టి పలకలు పరిచి ఒక్కటిగా బిగిస్తారు. ఆ వెడల్పు వల్లనే బండి కాస్త పక్కకు జరిగినా అది తిరగబడదు. ఇక బరువు మాటకొస్తే, తనపై ఎక్కిన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోసేంత వరకే అది మునుగుతుంది. పడవల అడుగు వైశాల్యం మొత్తం 40 చదరపు మీటర్లు ఉందనుకుంటే, 10 టన్నుల లారీ ఎక్కినప్పుడు అది మరో 25 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. తర్వాతి కాలంలో కర్ర పడవల స్థానంలో ఇనుపవి, తెడ్డు స్థానంలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి.

ఈ ఉపాయం ఎంతో పాతది. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఎద్దు తోళ్లు కప్పిన పెద్ద బుట్టల్లాంటి పడవల నడుమ బండ్లను కట్టి నది దాటించేవారని, గుర్రాలను ఈదించేవారని రాశాడు. ఒక్క పుట్టి మోయలేని బండిని రెండింటి నడుమ నిలపడమే బల్లకట్టుకు మూలసూత్రం. మన నదీతీరపు పనివాళ్ల ఈ నేర్పుకు తగినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

మట్టపల్లి వద్ద కృష్ణ పాలనకు కూడా సరిహద్దుగా ఉండేది. ఉత్తరపు గట్టు హైదరాబాదు సంస్థానానిది, ఎదుటి తంగెడ గట్టు బ్రిటిషువారి మద్రాసు ప్రెసిడెన్సీలోని గుంటూరు జిల్లాది. గట్టు దాటిన సరుకు మీద నిజాము ప్రభుత్వపు కరోడ్‌గిరి శాఖ సుంకం వసూలు చేసేది. 1956 నవంబరు 1న రెండు గట్లూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాక కూడా బల్లకట్టు చాలాకాలం సాగింది. రేవుల్లో బల్లకట్టు నడిపే హక్కును జిల్లా పరిషత్తు వేలం వేసేది. ఇప్పుడు మట్టపల్లి వద్ద వంతెన ఉంది.

ఎగువన కొల్లాపూర్ ప్రాంతంలో మాత్రం శ్రీశైలం జలాశయం వల్ల నది మరింత వెడల్పయింది. అక్కడ 2007 జనవరిలో పడవ మునిగి 60 మందికి పైగా మరణించారు. సోమశిల వద్ద తీగల వంతెనకు కేంద్రం 2022లో రూ.1,082 కోట్లతో ఆమోదం తెలిపింది. ప్రాణాలతో ముడిపడిన ఆ పనిలో జాప్యం తగదు.