మొరాయించే బండిపై మమకారం, మొరాయించని బండిపై అనుమానం

ప్రశ్న: పదకొండేళ్లుగా నేను ఒకే మోటార్‌సైకిల్ నడుపుతున్నాను. దానిది 90 డిగ్రీల వి ఆకారంలో అమర్చిన రెండు సిలిండర్ల ఇంజిన్. ఇప్పటికి 90,000 కిలోమీటర్లు తిరిగింది. గత రెండేళ్లలో ఛార్జింగు రెండుసార్లు పాడై, రాత్రివేళ దారి మధ్యలో నిలిచిపోయాను. రెండుసార్లూ స్టేటర్ కాయిల్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టే తీగచుట్ట) కాలిపోయిందని మార్చారు. ఇంజిన్ భాగాల అతుకులో ఉండే ఒక గాస్కెట్ దగ్గర ఆయిల్ కారుతోంది, విడిభాగాల కోసం వారాల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది. ఉద్యోగానికి రోజూ రానుపోను 40 కిలోమీటర్లు, నెలకొకసారి ఓ 400 కిలోమీటర్ల దూరప్రయాణం, అన్నీ దీని మీదే. ఇంట్లో మరో వాహనం లేదు. మిత్రుల మాట విని ఒక నాలుగు సిలిండర్ల జపాన్ బండి నడిపి చూశాను. వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే దానికున్న వంక. కుట్టుమిషన్ మీద కూర్చున్నట్టు అనిపించింది. నా పాత బండిని తయారుచేసిన కంపెనీ ఈ ఏడాదే ఒక కొత్త మోడల్ తెచ్చింది, మనసు అటే లాగుతోంది. ప్రాణమున్న బండి కొనమంటారా, నమ్మదగిన బండి కొనమంటారా?

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అందులో మీరు ఇష్టపడినవీ, మీరు భరించినవీ ఒకే మూటలో కట్టేసి ఉన్నాయి. ముందు ఆ మూట విప్పుదాం. కాలిపోయిన స్టేటర్, కారే గాస్కెట్, దొరకని విడిభాగాలు మీరు భరించినవి; వాటిలో ఒక్కటి కూడా మీరు ఇష్టపడిన గుణానికి మూలం కాదు. చాలాకాలం ఒకే బండితో కాపురం చేసినవారు దాని జబ్బులను కూడా స్వభావమనే పిలుస్తారు. ఒకప్పటి బ్రిటిష్ బండ్ల యజమానులు, కింద ఆయిల్ మరక లేదంటే లోపల ఆయిల్ అయిపోయిందని అర్థమంటూ నవ్వుకునేవారు. 1969లో హోండా సీబీ750 నాలుగు సిలిండర్లతో, సెల్ఫ్ స్టార్టుతో, ముందు డిస్కు బ్రేకుతో, అడ్డంగా విడదీసే క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగున ఉండే పెట్టె) వల్ల ఆయిల్ కారని ఇంజిన్‌తో వచ్చాక, ఆ మరక స్వభావం కాదనీ, నిలువుగా చీల్చిన క్రాంక్‌కేసు అతుకు వల్ల వచ్చే లోపమనీ అందరికీ తెలిసిపోయింది.

మరి మీరు నిజంగా ఇష్టపడినది ఎక్కడ పుడుతుంది? ముఖ్యంగా పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌లో, సిలిండర్లలో పెట్రోలు మండే క్రమంలో. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ క్రాంకు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు, తిరిగేలోగా ఒక్కసారి మండుతుంది. మీరు నడిపి చూసిన మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి 180 డిగ్రీలకూ ఒక సిలిండరు చొప్పున, కొలిచి తాళం వేసినట్టు మండుతుంది. అందుకే మీకు కుట్టుమిషన్ గుర్తుకొచ్చింది. మీ 90 డిగ్రీల వి ఇంజిన్‌లో మాత్రం ఒక మంటకూ తరువాతి మంటకూ మధ్య ఒకసారి 270 డిగ్రీలు, మరోసారి 450 డిగ్రీల ఎడం ఉంటుంది. గుర్రం దౌడు తీస్తున్నట్టుండే ఆ నడక, గేరు దించకుండానే మలుపులోంచి వెనక చక్రం నేలను పట్టి లాగుతున్నట్టు చేతికి తెలిసే ఆ అనుభూతి, చాలావరకు ఈ హెచ్చుతగ్గుల నుంచే వస్తాయి.

ఇక్కడే మీకొక శుభవార్త ఉంది. సిలిండర్లు పక్కపక్కనే ఉన్న ఇంజిన్‌లో కూడా, క్రాంకుకు పిస్టన్ కడ్డీలు తగిలే క్రాంక్ పిన్నులను 270 డిగ్రీల ఎడంతో పెడితే, మంటల మధ్య సరిగ్గా అదే 270-450 క్రమం వస్తుంది. యమహా ఈ పనిని 1995లో టీఆర్‌ఎక్స్850లో చేసింది. 2014లో వచ్చిన 689 సీసీల ఎంటీ-07లో దాన్ని సామాన్య రైడరు చేతికి అందించింది. 2016 నాటి హోండా ఆఫ్రికా ట్విన్, 2018లో అమ్మకానికి వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 648 సీసీల జంట సిలిండర్ల బండ్లు కూడా ఈ కోవలోవే. అంతెందుకు, 2009 నుంచి యమహా ఆర్1లో నాలుగు సిలిండర్లు కూడా 270-180-90-180 అనే వంకర తాళంలోనే మండుతాయి. కాబట్టి మీకు నచ్చనిది జపాన్ బండి కాదు, సమానమైన ఎడంతో మండే ఇంజిన్. మిత్రులు మీకు సరైన సలహా ఇచ్చి, సరికాని బండి చూపించారు.

రెండూ అచ్చంగా ఒకటేనని మాత్రం నేను అనను. 90 డిగ్రీల వి ఇంజిన్‌లో ప్రధానమైన అదురు దాని అమరిక వల్లనే సమసిపోతుంది. పక్కపక్క సిలిండర్ల ఇంజిన్‌లో ఆ పనికి అదురును తగ్గించేందుకు తిరిగే బరువు కడ్డీలు, అంటే బ్యాలెన్సర్ షాఫ్టులు, కావాలి. ఫ్లైవీల్ బరువు, గేర్ల పొందిక, హ్యాండిల్ ఎత్తు, గాలి పీల్చుకునే చప్పుడు, అన్నీ కలిస్తేనే ఒక బండి ఆ బండి అవుతుంది. మీరు వెతకవలసింది పాత బండి ప్రతిబింబాన్ని కాదు. అది దొరకదు, దొరికిందనుకున్నా రోజూ తప్పులెన్నడమే మీ పని అవుతుంది.

ఇక నమ్మకం సంగతి. బండి దారిలో ఆగిపోయిందంటే పిస్టనో, క్రాంకో విరిగి ఉండటం అరుదు. సాధారణంగా మొండికేసేవి చుట్టూ ఉన్న చిన్న భాగాలే. మీ స్టేటర్ రెండుసార్లు ఎందుకు కాలిందో ఎవరైనా అడిగారా? చాలా బండ్లలో కరెంటు పుట్టించేది శాశ్వత అయస్కాంతం కాబట్టి, ఇంజిన్ తిరిగినంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది. బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసేది రెగ్యులేటర్; మామూలు షంట్ రకం రెగ్యులేటర్ ఆ మిగులు కరెంటును స్టేటర్‌కే తిప్పికొడుతుంది, దానితో కాయిల్ ఎప్పుడూ వేడెక్కి ఉంటుంది. గాలి తగలని చోట బిగించిన రెగ్యులేటర్ తానూ ఉడికిపోతుంది. సిరీస్ రకం రెగ్యులేటర్ అయితే అక్కరలేనప్పుడు వలయాన్ని తెంచేస్తుంది కాబట్టి కాయిల్ చల్లగా ఉంటుంది. అదే రెగ్యులేటర్ ఉంచి, కమిలిన కనెక్టరును అలాగే వదిలేసి, స్టేటర్ మాత్రం మార్చితే, రోగం ఒకచోట, వైద్యం మరొకచోట చేసినట్టే. మీరు బండిని అమ్మినా, ఉంచుకున్నా ఈ ఒక్క పని చేయించండి. ఆ తరువాత బ్యాటరీ మీద మల్టీమీటరు పెట్టి చూస్తే, ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక సుమారు 12.6 వోల్టులు, 5,000 ఆర్‌పీఎం దగ్గర 14 వోల్టులకు అటూఇటూ కనిపించాలి. కొనబోయే బండి పాతదైతే దాని మీద కూడా ఇదే పరీక్ష చేయండి.

సర్వీసు లెక్క కూడా వేసుకోవాలి. ఏడాదికి 250 పనిదినాలకు 10,000 కిలోమీటర్లు, దూరప్రయాణాలకు మరో 4,800, మొత్తం మీద మీరు దాదాపు 15,000 కిలోమీటర్లు తిరుగుతారు. ప్రతి 12,000 కిలోమీటర్లకు వాల్వుల (సిలిండర్లోకి గాలిని రానిచ్చి, పొగను పోనిచ్చే మూతల) తనిఖీ కోరే ఇంజిన్ అయితే మీరు ఏటా ఒకసారి దాన్ని విప్పించాలి. 40,000 దాకా ఆగగలిగే ఇంజిన్ అయితే రెండున్నరేళ్లకు పైగా ఆ ఊసే ఉండదు. స్ప్రింగులకు బదులు యంత్రపు మీటలే మూసే డెస్మో వాల్వులనే తన గుర్తింపుగా చెప్పుకునే డుకాటి సైతం, 2020లో ప్రకటించిన మల్టీస్ట్రాడా వీ4కు స్ప్రింగు వాల్వులు పెట్టి, వాల్వుల తనిఖీని 60,000 కిలోమీటర్లకు జరిపింది. స్వభావానికి పేరుపడ్డ కంపెనీయే ఈ విషయంలో దిగివచ్చినప్పుడు, మనకు పట్టుదల ఎందుకు?

నా తీర్పు ఇది. ఇంట్లో ఇంకో వాహనం ఉంటే, మనసు లాగిన బండినే కొనుక్కోమని నిశ్చింతగా చెప్పేవాణ్ని. మీకున్నది ఒక్కటే కాబట్టి, 270 డిగ్రీల క్రాంకుతో మార్కెట్లోకి వచ్చి కనీసం నాలుగేళ్లయిన, విడిభాగాలు రెండు మూడు రోజుల్లో దొరికే జంట సిలిండర్ల బండిని కొనండి. పాత కంపెనీ కొత్త మోడల్‌ను ఈ ఏడాది మాత్రం కొనకండి. మొదటి ఏడాది బండి లోపాలు ఎలాంటివో కొన్నవారు దారిలో నిలబడి తెలుసుకుంటారు, ఆ పని మీరు ఇప్పటికే ఒకసారి చేశారు. నడిపి చూసేటప్పుడు పది నిమిషాలతో సరిపెట్టుకోకుండా ఒక గంట అడగండి, వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి, పై గేరులో తక్కువ వేగం నుంచి థ్రాటిల్ తెరిచి చూడండి. మొదటి రోజు అది కాస్త చప్పగానే అనిపించవచ్చు. పాత బండి చల్లగా ఉన్నప్పుడు థ్రాటిల్ ఎంత తిప్పాలో, ఏ శబ్దం వస్తే భయపడాలో మీరు పదకొండేళ్లు నేర్చుకున్నారు. ఆ నేర్పులో కొంత భాగాన్ని మీరు బండి ప్రాణమనుకుంటున్నారు. అది కొత్త బండితో పాటు రాదు, కొన్ని వేల కిలోమీటర్ల తరువాత వేరే రూపంలో వస్తుంది.

ప్రశ్న: నమ్మకమైన నాలుగు సిలిండర్ల బండి కొని, సైలెన్సర్ మార్చుకుంటే దానికి స్వభావం వస్తుందా?

జవాబు: రాదు. సైలెన్సర్ శబ్దాన్ని పెంచగలదు గాని మంటల మధ్య ఎడాన్ని మార్చలేదు. 180 డిగ్రీలకొకసారి మండే ఇంజిన్ అదే తాళాన్ని మరింత గట్టిగా వినిపిస్తుంది, అంతే. పైగా పెట్రోలు, గాలి పాళ్లు చెడి, తక్కువ వేగంలో బండి కుదుపులిచ్చే ప్రమాదం ఉంది, శబ్ద నిబంధనలను అతిక్రమించినట్టూ కావచ్చు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించి, సస్పెన్షన్‌ను మీ బరువుకు తగినట్టు సరిచేయించుకోండి. మలుపుల్లో తేడా మొదటి రోజే తెలుస్తుంది.