‘రేపు వస్తానన్నాడు’ అని ఇంగ్లీషులో చెప్పాలంటే

తిరుపతిలో ఇంగ్లీషు చెప్పే ఒక టీచరమ్మ అడిగారు: “నా దగ్గర చదివిన పిల్లలు కొందరు ఈ ఆగస్టులో అమెరికా వస్తున్నారు. డైరెక్ట్ స్పీచ్‌ని ఇండైరెక్ట్‌లోకి మార్చమంటే కాగితం మీద చకచకా మారుస్తారు. నోటితో చెప్పమంటే తడబడతారు. అక్కడ దీని అవసరం ఏమాత్రం ఉంటుంది? ఎలా నేర్పి పంపమంటారు?”

చాలా అవసరం ఉంటుందమ్మా. కొత్తగా దిగిన పిల్లలకు రోజూ పడే పని ఇదే. ఇంటి ఓనరు అన్న మాట రూమ్మేట్‌కి చెప్పాలి, ప్రొఫెసర్ చెప్పింది ఆఫీసులో చెప్పాలి, డాక్టరు అడిగింది ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి.

చంద్రగిరి నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఇక్కడ క్యాంపస్ క్యాంటీన్‌లో పనికి కుదిరాడు. తోటి కుర్రాడు ‘రేపు నేను వస్తాను’ అని చెబితే, ఆ మాటే మేనేజరమ్మకు చేరవేశాడు: “హీ టోల్డ్ దట్ ఐ విల్ కమ్ టుమారో.” ఆవిడ బోర్డు మీద ఇతని పేరే రాసేసింది. మర్నాడు ఇతనికేమో క్లాసు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. అలాంటప్పుడు షిఫ్టులు తారుమారైతే ఎంత టెన్షనో మీరే ఊహించండి.

తెలివి తక్కువై చేసిన తప్పు కాదిది. మనం ‘వస్తానన్నాడు’ అంటాం. వచ్చేది వాడే అయినా క్రియ ‘నేను’తోనే ఉంటుంది, కాలమూ మారదు, పక్కన ‘అని’ చేరితే సరిపోతుంది. చిత్తూరులో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లవాడూ ‘వరేన్‌ను సొన్నాన్’ అంటాడు. కుప్పం వైపు కన్నడం పిల్లలూ ‘బర్తీని అంత హేళ్ద’ అంటారు. మూడు భాషల్లోనూ దారి ఒకటే. ఇంగ్లీషు మాత్రం చెప్పేవాడు ఎక్కడ, ఎప్పుడు నిలబడి చెబుతున్నాడో చూసుకుని మాట మార్చుకుంటుంది. ఈ సంగతి పిల్లలకు మొదటి రోజే చెప్పండి, భయం సగం పోతుంది.

పట్టికతో మాత్రం మొదలుపెట్టకండి. ‘విల్’ ఉంటే ‘వుడ్’, ‘నౌ’ ఉంటే ‘దెన్’, ‘టుమారో’ ఉంటే ‘ద నెక్స్ట్ డే’ అని బట్టీ పట్టించడం తర్వాత. ముందు ముగ్గురు పిల్లల్ని లేపండి. ఒకమ్మాయి అలిపిరి నుంచి ఫోన్ చేస్తున్నట్టు “ఐ యామ్ వెయిటింగ్ హియర్. ఐ విల్ క్లైంబ్ టుమారో” అంటుంది. రెండో అమ్మాయి బస్టాండులో ఉన్న మూడో అమ్మాయికి అది చేరవేయాలి. అదే రోజు చెబితే “షీ సెడ్ షీ వాజ్ వెయిటింగ్ ఎట్ అలిపిరి అండ్ వుడ్ క్లైంబ్ టుమారో.” ఇక్కడ ‘టుమారో’ను కదిలించే పనే లేదు. అదే మాట వారం తర్వాత చెబితే ‘ద నెక్స్ట్ డే’. అలిపిరి మెట్ల దగ్గరే నిలబడి చెబితే ‘హియర్’ కూడా మారదు. ఇలా చోటూ రోజూ మార్చి మార్చి ఆడించండి. పట్టిక ఎందుకు పుట్టిందో వాళ్ళకే తెలిసిపోతుంది. పరీక్షలో మాత్రం రోజూ చోటూ మారిపోయాయనే అనుకుని రాయాలని విడిగా చెప్పాలి. మార్కులు పోగొట్టుకోవడం దేనికి?

ఎప్పటికీ నిజమైన మాటకు కాలం మార్చనక్కర్లేదు. ‘తిరుమల ఏడుకొండల మీద ఉంది’ అని మాస్టారు నిన్న చెప్పినా ఈరోజు మనం ‘ఈజ్’ అనే అంటాం.

వరస విషయంలో నా అభిప్రాయం వేరు. పుస్తకాలు మామూలు వాక్యాలతో మొదలుపెడతాయి, నేనైతే ఆజ్ఞలతో మొదలుపెడతాను. అవి తేలిక, ఇక్కడ అక్కరకొచ్చేవీ అవే. “డోంట్ సెండ్ హిమ్ టుమారో” అని స్కూలు నర్సు అంటే, భర్తకు చెప్పేటప్పుడు మన అమ్మాయిలు ‘షీ టోల్డ్ టు మీ డోంట్ సెండ్’ అంటారు. “షీ టోల్డ్ మీ నాట్ టు సెండ్ హిమ్” అని నోరు తిరిగేదాకా అనిపించండి. ‘టోల్డ్’ తర్వాత ‘టు మీ’ రాదు, ‘సెడ్’ తర్వాత అయితే వస్తుంది. మనం ‘నాకు చెప్పింది’ అంటాం కాబట్టి ఆ ‘టు’ దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ప్రశ్నల దగ్గర ఎక్కువ రోజులు ఆగండి. ‘ఎక్కడ పనిచేస్తున్నావని అడిగాడు’ అన్నది మన నోట్లో “హీ ఆస్క్‌డ్ వేర్ ఆర్ యు వర్కింగ్” అయిపోతుంది. ఎదుటివాళ్ళు తమనే అడుగుతున్నారనుకుని జవాబు చెప్పేస్తారు! ప్రశ్నను మామూలు వాక్యం వరసలోకి తేవాలి: “హీ ఆస్క్‌డ్ మీ వేర్ ఐ వాజ్ వర్కింగ్.” అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలకు ‘ఇఫ్’ చేర్చితే చాలు: “షీ ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ హాడ్ ఎ కార్.”

‘అలాస్’, ‘హుర్రే’ లాంటివి మార్చే లెక్కలు ఒక్క పీరియడ్‌లో ముగించండి. నాకు ఇక్కడ ఎవరి నోటా అవి వినిపించలేదు.

ఇక వచ్చేసిన తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. ఇక్కడి పిల్లలు కబుర్లలో “షీ వాజ్ లైక్, నో వే!” అంటూ ఎవరన్న మాటను వాళ్ళలాగే అనేస్తారు. స్నేహితుల మధ్య మీరూ అనండి, తప్పులేదు. ఆఫీసు మెయిల్‌లో మాత్రం వద్దు.

కారు ప్రమాదం జరిగి, అవతలి డ్రైవరు ఏమన్నాడని పోలీసులో ఇన్సూరెన్స్ వాళ్ళో అడిగితే మాత్రం ఇండైరెక్ట్ జోలికి వెళ్ళకండి. అతను “ఐ డిడింట్ సీ ద లైట్” అన్నాడనుకోండి. ఆ మాటలు గుర్తున్నంతవరకు ఉన్నవి ఉన్నట్టే చెప్పండి. ఆ ‘ఐ’ మీరే అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముందు “హిజ్ ఎగ్జాక్ట్ వర్డ్స్ వర్” అని, కాస్త ఆగి, తర్వాత అతని మాట చెప్పండి.