ప్రార్థన చేస్తున్నా పరీక్షల టెన్షన్ తగ్గడం లేదంటే

మీరు అడిగింది ఇది: బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటున్నారు, రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి, మిడ్స్ దగ్గరపడ్డాయి. రోజూ ప్రార్థిస్తున్నా గుండెదడ తగ్గడం లేదు. చర్చిలో పెద్దలేమో నీకు విశ్వాసం తక్కువంటున్నారు.

ముందు ఆ "విశ్వాసం తక్కువ" అన్న మాట పక్కన పెట్టి 1 రాజులు 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద ప్రార్థించి ఆకాశం నుంచి అగ్ని దింపించిన ప్రవక్త ఏలీయాయే బదరీవృక్షం కింద కూలబడి, ఇక చావే నయమన్నాడు. దూత వచ్చి గద్దించలేదు. తట్టి లేపి, లేచి భోజనం చేయమన్నాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి ఉన్నాయి. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ అలాగే లేపి తినిపించాడు. "ఇక్కడ నీవేమి చేయుచున్నావు" అన్న దేవుడి ప్రశ్న నలభై రోజుల నడక తర్వాత గానీ రాలేదు.

అందుకని పరీక్షల వారంలో ఉపవాసం, ఆల్‌నైట్ ప్రేయర్ రెండూ వద్దు. టిఫిన్ మానేసి, రెండు టీలు తాగి, పదకొండింటికి ల్యాబ్‌లో చేతులు వణికితే అది ఆత్మీయ పోరాటం కాదు, ఖాళీ కడుపు. ఏదో ఒకటి మానాలనిపిస్తే రాత్రి తొమ్మిది తర్వాత రీల్స్ మానండి.

ఇక ప్రార్థన సంగతి. "దేవా, చదువులో తోడుండు" అని ఊరుకుంటే భయం లోపలే ఉండిపోతుంది. ఫిలిప్పీయులకు 4:6లో "మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి" అని ఉంది. విన్నపం అంటే ఏం కావాలో విడమరచి చెప్పుకోవడం. ప్రిన్సిపాల్‌కి అర్జీ రాస్తే "నా మీద దయ ఉంచండి" అని రాసి వదిలేయం కదా. లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమ పక్కన భయం ఉన్నదున్నట్టు రాయండి: "మ్యాథ్స్ మూడో యూనిట్ లాప్లాస్ అర్థం కాలేదు, 20న మిడ్." "నాన్న ఫోన్ ఎత్తాలంటే భయం." కుడి పక్కన ఈ రోజు మీ చేతిలో ఉన్నది రాయండి: "సాయంత్రం 5కి పక్క రూమ్ వాడితో కూర్చుని పాత పేపర్లలో నాలుగు లెక్కలు." "రాత్రి 8కి నేనే ఫోన్ చేసి రెండు సబ్జెక్టులు పోయాయని చెప్పడం." పేపర్ ఎలా వస్తుందో, ఎవరు దిద్దుతారో లాంటి వాటి దగ్గర కుడిపక్క ఖాళీగానే మిగులుతుంది. దేవుడికి వదలాల్సినవి ఆ ఖాళీలే. కుడిపక్క ఏదో ఒకటి రాయగలిగిన దాన్ని కూడా "ప్రభువుకు అప్పగించేశాను" అంటే దాని పేరు వాయిదా. చాలామంది జారేది ఇక్కడే. ఆ వచనంలోనే "కృతజ్ఞతాపూర్వకముగా" అని కూడా ఉంది కాబట్టి అడుగున ఒక్క లైను దానికి వదలండి. మెస్‌లో ఇవాళ పప్పు బాగుంది అన్నా చాలు. అంతా కలిపి 15 నిమిషాలు. ఫోన్లో బైబిల్ తెరిస్తే పైన వాట్సాప్ నోటిఫికేషన్ వస్తుంది, ఆ 15 గంటవుతుంది. అచ్చు బైబిల్ పెట్టుకుని ఫోన్ బీరువాలో పడేయండి.

మాటలు రాని రోజు 13వ కీర్తన పైకి చదవండి. ఆరు వచనాలే, "ఎన్నాళ్లవరకు" అన్న నిలదీతతోనే మొదలవుతుంది. 88వ కీర్తనైతే చివరిదాకా వెలుగు కనబడదు, చీకట్లోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థన కూడా లేఖనాల్లో ఉందని తెలియడమే సగం ఊరట. ఒక్కో వచనం అచ్చేసి ఇచ్చే వాగ్దాన కార్డులో ఒక్క ముక్క చదివితే ఇది దొరకదు.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న వచనాన్ని (ఫిలిప్పీయులకు 4:13) పాస్ గ్యారంటీగా వాడకండి. దాని పైన 12వ వచనం ఆకలి గురించి, లేమి గురించి. అంటే సప్లీ రాయాల్సి వచ్చినా వర్తించే మాట అది. "పాసైతే చర్చిలో సాక్ష్యం చెబుతా" అని దేవుడితో బేరం పెట్టుకున్నా చిక్కే: మార్కులు తగ్గితే దేవుడు కూడా చెయ్యి వదిలాడనిపిస్తుంది.

ఒక్క మనిషికైనా చెప్పండి. 1954 నుంచి ఉన్న యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) అనే క్రైస్తవ సంస్థ విద్యార్థి బృందాలు చాలా క్యాంపస్‌ల దగ్గర కూడుకుంటాయి, సీనియర్లు దొరుకుతారు. చెప్పేముందు "ఇది ప్రేయర్ గ్రూపులో పెట్టొద్దు" అని గట్టిగా అనండి. లేకపోతే ప్రార్థనాంశం పేరుతో రాత్రికల్లా అందరికీ తెలుస్తుంది.

రెండు వారాలుగా నిద్ర, ఆకలి పోయినా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, పై పేజీతో సరిపెట్టుకోకండి. రూమ్‌మేట్‌ని లేపండి, ఒంటరిగా ఉండకండి, 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టర్ మాత్రలు రాస్తే, విశ్వాసముంటే మానేయమని ఎవరు చెప్పినా మానకండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే, కొలొస్సయులకు 4:14 చూపించండి.