కెమిస్ట్రీ భయంతో అమ్మాయిని బయోటెక్ లోకి పంపకండి

ఒక నాన్నగారు రాశారు. వాళ్ళమ్మాయి హైస్కూల్, బయాలజీ అంటే ప్రాణం అట, కెమిస్ట్రీలో మాత్రం మార్కులు అంతంతే. "దానికి కెమిస్ట్రీ బుర్రకెక్కదండీ, ఈ రెండూ తీసుకున్నాక మెడిసిన్ సీటు రాకపోతే ఎటూ కాకుండా పోతుంది, బయోటెక్నాలజీ అయితే కెమిస్ట్రీ గొడవ తక్కువ, పైగా ఫ్యూచర్ అంతా అదే అంటున్నారు, మెడిసిన్, ఫార్మసీ, బయోటెక్ మూడూ పోల్చి చెప్పండి" అని.

పోలుస్తాను గానీ సార్, మీ భయం వేరే చోట ఉంది. డాక్టర్ అవ్వకపోతే ఇన్నేళ్ళ చదువు బూడిదలో పోసినట్టే అని మీరు లోపల ఫిక్స్ అయిపోయారు. అవ్వదండీ. రక్తం టెస్ట్ చేసేవాళ్ళు, ఫిజియోథెరపీ, నర్సింగ్, కళ్ళ పరీక్షలు చేసే ఆప్టోమెట్రీ వాళ్ళు, ఇక హాస్పిటల్ బయటికొస్తే అగ్రికల్చర్, వెటర్నరీ, ఫుడ్ టెస్టింగ్, ఫోరెన్సిక్ ల్యాబులు, వీళ్ళందరూ ఈ రెండు సబ్జెక్టుల మీదే బతుకుతున్నారు, బాగానే బతుకుతున్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు చదివింది వైద్యమే, కానీ మనం ఆయన్ని తలుచుకునేది ల్యాబ్ లో చేసిన పనికి. 1925లో ఫిస్కే అనే సైంటిస్టుతో కలిసి శరీరంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఇచ్చారు, తర్వాత కణాలకి శక్తినిచ్చే ఏటీపీ అనే మాలిక్యూల్ మీద పనిచేశారు, 1940ల్లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్ ని పోలిన మాలిక్యూల్స్ తయారుచేస్తే వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ ని సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి వాడారు. కణం పెరగడానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కావాలి, ఇదీ అదే అనుకుని క్యాన్సర్ కణం మోసపోతుంది, పెరగడం ఆగిపోతుంది. ఇందులో బయాలజీ ఎక్కడ ఆగింది, కెమిస్ట్రీ ఎక్కడ మొదలైంది, విడదీసి చెప్పగలరా?

ఇప్పుడు బయోటెక్ సంగతి. సబ్జెక్టు గొప్పది, అందులో నాకు అనుమానం లేదు. డిగ్రీ స్థాయిలోనే నేరుగా ఆ కోర్సులో చేరిపోవడం మీదే నాకు అనుమానం. కొంచెం జెనెటిక్స్, కొంచెం మైక్రోబయాలజీ, కొంచెం ఇంజినీరింగ్, కొంచెం కంప్యూటర్స్, అన్నీ రుచి చూపిస్తారు, చాలాచోట్ల ఏదీ పూర్తిగా చేతికి రాదు. కంపెనీలో ఫెర్మెంటర్, అంటే సూక్ష్మజీవుల్ని పెంచే పెద్ద ట్యాంకు, నడపడానికి కెమికల్ ఇంజినీర్ పోటీకొస్తాడు, క్వాలిటీ కంట్రోల్ లో మెషిన్ల దగ్గరికి కెమిస్ట్రీ వాళ్ళు, ఫార్మసీ వాళ్ళు వస్తారు, డేటా పనికి కోడింగ్ బాగా వచ్చినవాళ్ళు వస్తారు, మరి మీ అమ్మాయి? రీసెర్చ్ ఉద్యోగం అంటే మాస్టర్స్, ఎక్కువసార్లు పీహెచ్‌డీ కూడా అడుగుతారు, అంత దూరం నడిచే ఓపిక, ఇష్టం ఉంటే తప్పకుండా వెళ్ళనివ్వండి. డిగ్రీ అవ్వగానే ఉద్యోగం అని చెప్పి చేర్పిస్తే మాత్రం మూడు నాలుగేళ్ళ తర్వాత ఆ పిల్ల మొహం చూడలేరు మీరు.

కెమిస్ట్రీ తక్కువ అని ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. జీన్ ఎడిటింగ్, క్రిస్పర్ అని అందరూ మాట్లాడుకుంటున్నారే, 2020లో దానికి నోబెల్ ఇచ్చింది కెమిస్ట్రీలో. ఏఐతో ప్రొటీన్ల ఆకారం ముందే చెప్పే ఆల్ఫాఫోల్డ్ కి 2024లో వచ్చిందీ కెమిస్ట్రీలోనే. అసలు డీఎన్ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో ఏ కి టీ తోనే జత ఎందుకు, జీ కి సీ తోనే ఎందుకు అంటే వాటిని పట్టి ఉంచే హైడ్రోజన్ బాండ్లు, ఏ-టీ మధ్య రెండు, జీ-సీ మధ్య మూడు. కెమిస్ట్రీ నుంచి పారిపోయి బయోటెక్ లో దాక్కోవడం కుదరదండీ.

ఇక పోలిక, రెండు ముక్కల్లో. మనుషుల బాధ వినే ఓపిక, ఏళ్ళ తరబడి చదివే ఓపిక ఉంటే మెడిసిన్. మందు ఎలా తయారవుతుంది, ఒంట్లో ఏం చేస్తుంది అన్న ఆసక్తి ఉంటే ఫార్మసీ, అందులో కెమిస్ట్రీ ఇంకా ఎక్కువ. బయోటెక్ గురించి పైన చెప్పాను. ఏది మంచిది అనేది ఆ పిల్లని అడగకుండా నేనూ చెప్పలేను, మీరూ చెప్పలేరు.

ఇంకోటి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకున్నా పర్లేదు. "బుర్రకెక్కదు" అని మీరు నాకే అంత తేలిగ్గా రాశారంటే ఇంట్లో ఆ పిల్ల ముందు ఎన్నిసార్లు అని ఉంటారు? హైస్కూల్ పిల్ల మీద అప్పుడే తీర్పు రాసేస్తారా? నా దగ్గరికి కెమిస్ట్రీ రాదు అని వచ్చే పిల్లల్లో చాలామందికి ఆగిపోయింది ఒక్కచోటే, మోల్ కాన్సెప్ట్ దగ్గర, అంటే అణువుల్ని లెక్కపెట్టే పద్ధతి దగ్గర. అది అర్థం కాకుండా బట్టీ పట్టి దాటేస్తారు, తర్వాత సొల్యూషన్స్, యాసిడ్-బేస్ లెక్కలు అన్నీ దానిమీదే నిలబడి ఉంటాయి కాబట్టి వరసగా కూలతాయి. బయాలజీ ఇష్టమైన పిల్లకి అటువైపు నుంచే చెప్పించండి, రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్యే ఎలా నిలబడుతుంది అని మొదలుపెడితే పీహెచ్ ని మారకుండా పట్టి ఉంచే బఫర్ అంటే ఏంటో తనే అడుగుతుంది. లెక్కలు కూడా వదిలించకండి, బయాలజీలో ముందుకెళ్ళేకొద్దీ స్టాటిస్టిక్స్ తప్పదు.

ఈ ఆదివారం తన పాత కెమిస్ట్రీ పరీక్ష పేపర్లు రెండు మూడు ముందేసుకుని, తిట్టకుండా, పక్కన కూర్చుని చూడండి, మార్కులు లెక్కల్లో పోయాయా, ఆర్గానిక్ లో పోయాయా, ఈక్వేషన్ బ్యాలెన్స్ చెయ్యడంలోనా. అది రాసి పంపండి, ఈసారి మీరు కాదు, అమ్మాయినే రాయమనండి.