లక్ష రూపాయల కెమెరా కొనాలా, బీరువాలోది బయటికి తీయాలా?

సందేహం: మా పాపకు రెండో ఏడు నడుస్తోంది. ఫోన్‌లో వేల ఫొటోలు పేరుకుపోయి ఏదీ మనసుకు ఆనడం లేదు కాబట్టి రీలు కెమెరా కొనాలనుకుంటున్నాను. కాంటాక్స్ టీ2 ఒకటి లక్షకు పైగా చెబుతున్నారు. నాన్నగారి యాషికా ఎంఎఫ్-2 ఇంట్లోనే ఉంది కానీ అది చవకరకం కదా అని సందేహిస్తున్నాను. రీలు మీద తీస్తే పాప ఫొటోలు ఇంటర్నెట్‌లోకి వెళ్లవన్న ధైర్యం కూడా ఉంది. ఏది మంచిదంటారు? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: ఈ ప్రశ్న కొంతకాలంగా నాకు పదేపదే వస్తోంది, ప్రతిసారీ కెమెరా పేరొక్కటే మారుతోంది. టీ2ను జపాన్‌కు చెందిన క్యోసెరా 1990లో విడుదల చేసింది. టైటానియం తొడుగు, 38 మి.మీ. జైస్ సోనార్ లెన్స్, ఎఫ్/2.8 వరకు తెరుచుకునే ఎపర్చర్ (వెలుతురును లోపలికి పంపే రంధ్రం) ఉన్న ఆ కెమెరా నిజంగానే గొప్పగా తయారైన వస్తువు. అయితే 2017లో మోడల్ కెండల్ జెన్నర్ అమెరికాలో ఒక టీవీ కార్యక్రమంలో దాన్ని చూపించాక ధర ఎగబాకింది తప్ప లెన్స్‌లో కొత్తగా వచ్చిన మెరుగు ఏమీ లేదు. కాంటాక్స్ కెమెరాల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు క్యోసెరా 2005లోనే ప్రకటించింది కాబట్టి, లోపలి సర్క్యూట్ పాడైతే మరో చచ్చిన టీ2 నుంచి ముక్క ఊడదీసి వేయడం తప్ప మెకానిక్ చేయగలిగింది పెద్దగా ఉండదు. ముప్పై ఏళ్లు దాటిన ఎలక్ట్రానిక్స్ మీద లక్ష రూపాయలు పెట్టమని నేను ఎవరికీ చెప్పలేను.

చవకరకం అన్న మాటను కూడా కాస్త ఆలోచించి వాడాలి. మీరు ఏ కెమెరాలో వేసినా రీలు అదే, కడిగే రసాయనాలూ అవే. పైగా చాలా ల్యాబ్‌లు ఇచ్చే మామూలు స్కాన్ అరవై లక్షల పిక్సెళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది కనుక, పొద్దుటి ఎండలో తీసిన రెండు ఫొటోలను పక్కపక్కన పెడితే ఏది ఏ లెన్స్‌దో చెప్పడం అలవాటైన కళ్లకు కూడా కష్టమే. ఖరీదైన రకం నిజంగా గెలిచేది మసక వెలుతురులోనూ, దగ్గరి నుంచి తీసే ముఖాల్లోనూ. మీ ఎంఎఫ్-2 ఫోకస్ దూరాన్ని బట్టి మారదు, ఒకేచోట బిగించి ఉంటుంది కాబట్టి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తీస్తే మసకబారుతుంది.

ఖరీదైన వాటిలో కొన్నింటికి నేను మనస్ఫూర్తిగా ఇచ్చే మార్కు ఇంకొకటి ఉంది, మనం పెట్టిన ఫ్లాష్ సెట్టింగ్‌ను అవి గుర్తుంచుకుంటాయి. 1997లో వచ్చిన ఒలింపస్ మ్యూ-2 ప్లాస్టిక్ కెమెరాయే అయినా 35 మి.మీ. ఎఫ్/2.8 లెన్స్‌తో చక్కటి ఫొటోలు తీస్తుంది. కానీ ఫ్లాష్ ఆపి, మూత మూసి మళ్లీ తెరిస్తే మీరు ఆపిన సంగతి దానికి గుర్తుండదు. నిద్రపోతున్న పసిబిడ్డ కళ్లలో ఫ్లాష్ కొట్టించే ఈ మతిమరుపును నేను చిన్న లోపంగా చూడను. మనిషి ఒకసారి చెప్పిన మాటను గుర్తుంచుకోవడం ఏ పరికరానికైనా కనీస బాధ్యత.

ఇక మీ ధైర్యం సంగతి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఇవాళ ల్యాబ్‌వాళ్లు రీలు కడిగి, తమ కంప్యూటర్‌లో స్కాన్ చేసి, క్లౌడ్‌లోకి ఎక్కించి, వాట్సాప్‌లో లింక్ పంపిస్తున్నారు. అంటే మీ పాప ఫొటోలు మీకంటే ముందే ఇంటర్నెట్‌లో ఉంటాయి. ఒకసారి నాకు ఒక ల్యాబ్ నుంచి వచ్చిన లింక్ తెరిచి పై ఫోల్డర్ మీద నొక్కితే, ఆ నెలలో రీళ్లు ఇచ్చిన వాళ్లందరి ఫోల్డర్లూ తేదీలవారీగా కనిపించాయి. వాటిలో ఎవరిదో అన్నప్రాశన ఫొటో ఉంది, వెండి గిన్నె ముందు కూర్చున్న బిడ్డ ముఖం స్పష్టంగా ఉంది. వెంటనే మూసేసి ల్యాబ్‌కు ఫోన్ చేస్తే, లింక్ ఉన్న ఎవరైనా చూడవచ్చన్న సెట్టింగ్‌ను వాళ్లు మొదటి రోజు నుంచీ మార్చలేదని తెలిసింది. కాబట్టి రీలు ఇచ్చేటప్పుడే, స్కాన్‌లు మీ మెయిల్ ఖాతాకు మాత్రమే తెరుచుకునేలా పంపమని, లేదంటే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వమని అడగండి. లింక్ వచ్చాక బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో (మీ ఖాతాల లాగిన్‌లు లేని విడి కిటికీ) తెరిచి, ఖాతాలోకి లాగిన్ కాకుండానే అందులో పెట్టి చూడండి. ఫొటోలు కనిపించాయంటే ఆ లింక్ చేరిన ప్రతివారికీ అవి కనిపిస్తాయి. మీరు దిగుమతి చేసుకున్నాక ఆ ఫోల్డర్‌ను తీసేయించండి, నెగటివ్‌లను తప్పకుండా వెనక్కి తెచ్చుకోండి.

ముందు నాన్నగారి కెమెరా బ్యాటరీ గది తెరవండి. పాత పెన్సిల్ సెల్స్ కారి చిలుము పట్టి ఉంటే, వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వండి. అంతకు మించి కెమెరాను విప్పవద్దు, ఎందుకంటే సెల్స్ తీసేసినా ఫ్లాష్‌కు కరెంటు నిల్వచేసే కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. డబ్బా మీద ఐఎస్ఓ 400 అని ఉండే రకం రీలు ఒకటి వేసి, పాపకు ఆరేడు అడుగుల దూరంలో నిలబడి, ఆరుబయట ఎండలో తీయండి. కడిగించాక ఫొటోల అంచున నారింజ రంగు చారలు కనిపిస్తే వెనుక తలుపు చుట్టూ ఉన్న స్పాంజి అరిగిందని అర్థం. కెమెరాలు బాగుచేసేవాళ్లు దాన్ని ఒక పూటలో మార్చి ఇవ్వగలరు.