వెల్డింగ్ పనికి నాలుగు లక్షల అప్పా?

ప్రశ్న: నా వయసు 31. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు 90,000 చేతికొస్తుంది. అద్దె 24,000, కారు ఈఎంఐ 13,500, ఇంటి ఖర్చు 22,000, అనంతపురంలో అమ్మానాన్నలకు 10,000 పోతాయి. బ్యాంకులో 48,000 ఉంది. మాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు. సకలేశపుర వైపు వెళ్లినప్పుడు బురదలో ఇరుక్కుపోతోంది. వెనక చక్రాలకు కూడా డ్రైవ్ వచ్చేలా వెల్డింగ్ చేసి ఆల్ వీల్ డ్రైవ్‌గా మార్చడానికి ఒక గ్యారేజీ 4 లక్షలు అడుగుతోంది. 16 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మీరు చెప్పిన ఖర్చులు కూడితే 69,500. ఉద్యోగం పోతే మీ 48,000 మూడు వారాలకు సరిపోతుంది. లేఆఫ్‌ల గురించి బెంగళూరులో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తాయి. ఒకరికి బైకు, ఇంకొకరికి మాడ్యులర్ కిచెన్, మీకు కారు. ఈఎంఐ కట్టగలనా అని అందరూ అడుగుతారు. జీతం ఆగితే ఎన్నాళ్లు కట్టగలనో లెక్క వేసుకున్నవాళ్లు అరుదు. ఈ లోన్‌కు నెలకు 14,063 కట్టాలి, వడ్డీయే లక్ష దాటుతుంది. ఇక మీకు మిగిలేది 6,400. ఫోన్‌లో రెండు నిమిషాల్లో లోన్ వస్తోందంటే అది మీ స్తోమత అనుకోవద్దు, దయచేసి.

పోనీ ఆ 4 లక్షలతో పని పూర్తవుతుందా? ఫ్లోర్ కోసి, ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు దారి చేయాలి, పెట్రోల్ ట్యాంకు జరపాలి, వెనక సస్పెన్షన్ మార్చాలి, ముందు వెనక గేర్ నిష్పత్తులు కలవాలి. కారు విప్పి పడేశాక వాళ్లు ఎంతంటే అంత ఇవ్వాల్సిందే. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను ఇలా మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కారు ఇంకా బ్యాంకు తనఖాలోనే ఉంది, గుర్తుందా? అది తుక్కయినా 13,500 ఆగదు.

ఇప్పుడు అసలు పని. ఆరు నెలల ఖర్చు, అంటే 4,17,000, పక్కన పెట్టండి. గ్యారేజీ అడిగిన దానికి దాదాపు సమానం. ఇప్పుడున్న 48,000కు నెలనెలా మిగిలే 20,500 మొత్తం కలుపుతూ పోతే 18 నెలల్లో అయిపోతుంది. సగం ఎఫ్‌డీలో, సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. జీతం వచ్చే అకౌంట్‌లో మాత్రం వద్దు, అక్కడుంటే టైర్లకో ట్రిప్పుకో పోతుంది. ఆఫీసు హెల్త్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి తీసుకోండి. ఆ ప్రీమియం వల్ల 18 నెలలు 20 అయితే కానివ్వండి. టర్మ్ పాలసీ, అంటే మీరు పోతే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా, లేకపోతే అదీ ఈ నెలలోనే.

సకలేశపురకు ఫోర్ బై ఫోర్ అద్దెకు తీసుకుని వెళ్లండి. ఆల్ వీల్ డ్రైవ్ మీద మోజు తీరకపోతే ఇప్పటి కారు లోన్ తీరాక కంపెనీ బిగించిందే కొనుక్కోవచ్చు. గ్యారేజీకి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మాత్రం రేపే వెళ్లి వెనక్కి అడగండి. కోత మొదలయ్యాక ఇవ్వరు.